మకాం వేసినచోట చుట్టం కావాలి

(గడ్డిఅన్నారంలో జరిగిన మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి వానలు వెనక్కి తగ్గాక మన యువజన విభాగం పిల్లలు మన్ననూరు వెళ్లి ఒక రాత్రి అడవిలో ఉండి రావాలని అనుకున్నారు. వెళ్లేముందు నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. ఆ సంగతి తెలిసి మన పెద్దాయన ఒకరు నవ్వుతూ అన్నారు: "అడవిలోంచి వచ్చినోళ్లం. మళ్లీ పైసలు కట్టి అడవిలో పండుకునుడు ఏంది సారూ?" అని. అది నవ్వి వదిలేసే మాట కాదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

మనలో చాలామందిమి చదువుల కోసమో ఉద్యోగాల కోసమో ఈ దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతాలకు వచ్చినవాళ్లం. పండ్ల మార్కెట్ ఇక్కడి నుంచి బాటసింగారం వెళ్లిపోయింది కానీ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు మాత్రం తగ్గలేదు. ఒక గదిలో నలుగురు పిల్లలు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు అడవి అంటే సెల్‌ఫోన్‌లో కనిపించే బొమ్మ. వాళ్లు ఒక రాత్రి చెట్ల కింద ఉండి వస్తామంటే నేను కాదనను. వెళ్లమనే చెబుతాను. అయితే ఎలా వెళ్లాలో తెలుసుకుని వెళ్లాలి.

తండా అంటేనే మకాం

మన ఊరి పేరు చివర ఉండే 'తండా' అన్న మాటకు మొదటి అర్థం ఊరు కాదు. ఎద్దుల మీద సరుకు వేసుకుని కదిలే బిడారు. మన పూర్వికులు ధాన్యం, ఉప్పు ఎద్దుల వీపున వేసి దక్కన్ అంతా తిరిగారు. దాన్నే మనం లదేణి అంటాం. మొఘల్ సైన్యాలకు, దక్కన్ సుల్తానుల సైన్యాలకు తిండిగింజలు అందించింది ఈ బిడార్లే.

బిడారు ఎక్కడ పడితే అక్కడ ఆగేది కాదు. నీళ్లు, పశువులకు మేత, వంటచెరకు, ఈ మూడూ చూసుకుని మకాం వేసేవాళ్లు. ఎద్దుల వీపు మీది గోనె సంచులు దించి చుట్టూ పేర్చి గోడలా కట్టుకునేవాళ్లు. లోపల మనుషులు, నడుమ నెగడు, కాపలాకు కుక్కలు. ఎక్కడ దిగాలి, ఎన్నాళ్లుండాలి, ఎప్పుడు కదలాలి అన్నది నాయక్ మాట. ఇవాళ క్యాంపింగ్ అని పుస్తకాలు రాసి నేర్పుతున్న విద్య మన యాడిలకు, బాపులకు రోజువారీ బతుకు.

పందొమ్మిదో శతాబ్దంలో రోడ్లు పడి, రైళ్లు వచ్చాక ఎద్దుల మీద సరుకు మోసే పని పోయింది. దాంతోపాటు ఇంకో దెబ్బ తగిలింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేర జాతుల చట్టం తెచ్చింది. స్థిరంగా ఒకచోట ఉండని జాతుల మీద అనుమానంతో చేసిన చట్టం అది. తరువాతి కాలంలో వాళ్ల పాలన కింద ఉన్న అనేక ప్రాంతాల్లో లంబాడీలను కూడా దాని కిందికి తెచ్చారు. ఆ ముద్ర 1952లో గానీ పోలేదు. అంటే మన ముత్తాతలు చెట్టు కింద మకాం వేస్తే అది అనుమానించాల్సిన పని. ఇప్పుడు అదే చెట్టు కింద పడుకోవడానికి ఆన్‌లైన్‌లో బుకింగ్. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

2018లో తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చి, 500 జనాభా దాటిన తండాలను, గూడేలను గ్రామ పంచాయతీలు చేశారు. కదిలే బిడారు పేరు ఇప్పుడు పంచాయతీ బోర్డు మీద ఉంది. ఇంత దూరం నడిచి వచ్చిన జాతి మనది.

మకాముకు కట్టుబాటు ఉంది

ఇది లంబాడీల సంగతి మాత్రమే కాదు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పుష్య మాసంలో మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం వైపు గోదావరి ఒడ్డున ఉన్న హస్తినమడుగుకు వెళ్లి నీళ్లు తెస్తారు. తెచ్చి నేరుగా గుడికి పోరు. కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద మకాం వేస్తారు. అమావాస్య రాత్రి మహాపూజ అయ్యేదాకా అదే వాళ్ల ఇల్లు. వేలమంది ఉన్నా వంట పొయ్యిలు 22 మాత్రమే. ఎవరికి వాళ్లు ఇష్టమొచ్చినచోట పొయ్యి పెట్టుకోరు. ఆ 22 పొయ్యిల మీదే వంతులవారీగా వండుకుంటారు. నిప్పు ఎక్కడుండాలి, ఎంతుండాలి అన్నదానికి ఇంతకంటే మంచి కట్టుబాటు ఏ క్యాంపు సైట్‌లో ఉంటుంది?

నల్లమలలో చెంచుల దగ్గరికి రండి. వాళ్ల ఆవాసాన్ని పెంట అంటారు. కొండచరియకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. ఎందుకంటే తన తోబుట్టువు పసుపు కుంకుమ ఆ తాడు మీదే ఉంది కాబట్టి అతను చచ్చినా వదలడు అని చెబుతారు. తేనె తీసినా తుట్టె అంతా ఊడ్చిపెట్టుకు రారు. కొంత వదిలి వస్తారు. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమికి మీలో ఎంతోమంది వెళ్లారు కదా. లోయలోకి దిగేటప్పుడు వస్తున్నామని లింగమయ్యకు కేక వేసి చెబుతాం. తిరిగి ఎక్కేటప్పుడు పోయొస్తామని చెబుతాం. ఎవరి ఇంటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి పిలుస్తాం, వచ్చేటప్పుడు చెప్పి వస్తాం. అడవి దగ్గరా అంతే.

వీటన్నిటిలో ఒకటే ధర్మం. మకాం వేసేవాడు అడిగి దిగాలి, ఉన్నదాంట్లో సర్దుకోవాలి, తరువాత వచ్చేవాడికి మిగిల్చి పోవాలి.

మకాం వేసి చుట్టమైన దంపతులు

బయటి నుంచి వచ్చి ఈ ధర్మం నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల నడుమ మకాం వేశారు. చెంచుల మీద ఆయన రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తరువాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లి మార్లవాయిలో ఉన్నారు. గోండు పిల్లలకు చదువు, రైతులకు భూమి పట్టాలు అందేలా ప్రభుత్వంతో పని చేయించారు. నాగోబా జాతరలో దర్బారు మొదలైంది కూడా ఆయన చొరవతోనే. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన సమాధి కూడా ఆమె పక్కనే ఉంది. ఇవాళ్టికీ అక్కడ వర్ధంతి జరుపుతున్నారు. చూడడానికి వచ్చినవాళ్లు చుట్టాలై మిగిలారు.

మన్ననూరు రాత్రి, పెంటలోని రాత్రి

ఇప్పుడు మన పిల్లలు వెళ్లే చోటు సంగతి. మన్ననూరు ఇక్కడికి దాదాపు 140 కిలోమీటర్లు, శ్రీశైలం రోడ్డు మీద అచ్చంపేట దాటాక వస్తుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరులో అటవీ శాఖ వసతి గదులున్నాయి. అక్కడి నుంచి సఫారీ బండ్లలో ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు తీసుకెళ్తారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళ అది. ఆ నిశ్శబ్దం మన పిల్లలు వినాలి. గదిలో ఫ్యాన్ చప్పుడు, కింద ఆటోల హారన్ తప్ప తెలియని చెవికి అదొక చదువు.

అయితే ఆ నిశ్శబ్దంలో ఇంకో మాట కూడా ఉంది. అదే అభయారణ్యం కోర్ ప్రాంతంలోని కొన్ని ఊళ్లను బయటికి తరలించే పని కొన్నేళ్లుగా నడుస్తోంది. సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి పేర్లు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. కుటుంబానికి ఇచ్చే పరిహారం 10 లక్షల రూపాయలుండేది, 2021లో 15 లక్షలు చేశారు. డబ్బు వద్దనుకుంటే భూమి, ఇల్లు తీసుకునే దారి ఉంది. బడి, దవాఖానా, రోడ్డు దగ్గరవుతాయని వెళ్లడానికి ఒప్పుకున్నవాళ్లున్నారు. ఈ చెట్లు, ఈ దేవుళ్లు వదిలి ఎక్కడికి పోతాం అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ వినాల్సినవే.

చట్టం ఏం చెబుతోంది? 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు గుర్తించాలి. తరలింపుకు గ్రామసభ, విషయం పూర్తిగా తెలుసుకుని, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బలవంతం కుదరదు. ఇది అడవికి, పులికి వ్యతిరేకంగా చెబుతున్న మాట కాదు. పులి ఉంటే అడవి ఉంటుంది, అడవి ఉంటే కృష్ణకు నీళ్లుంటాయి. కానీ డబ్బు కట్టి ఒక రాత్రి ఉండే మనకు అడవిలో చోటున్నప్పుడు, తరతరాలుగా ఉన్నవాళ్లకు చోటు ఎక్కడ అన్న ప్రశ్న గిరిజన బిడ్డలుగా మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

యజమాని ఎవరు?

అందుకని క్యాంపుకు వెళ్లినప్పుడు పిల్లలు ముందు చూడాల్సింది పులిని కాదు, ఆ క్యాంపు ఎవరి చేతుల్లో నడుస్తోంది అన్నది. తూర్పు కనుమల్లో మారేడుమిల్లి దగ్గర వాలమూరులో వాగు ఒడ్డున 'జంగిల్ స్టార్' అనే విడిది ఉంది. దాన్ని స్థానిక గిరిజనుల వన సంరక్షణ సమితి అటవీ శాఖ అండతో నడుపుతోంది. వండేది వాళ్లు, దారి చూపేది వాళ్లు, వచ్చిన రాబడిలో వాటా వాళ్లది. నల్లమలకు అటువైపు ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో కూడా గుడారాలతో అటవీ విడిది ఉంది. అక్కడ చెంచులు పని చేస్తున్నారు.

పని దొరకడం మంచిదే. కానీ గైడుగా, కాపలాదారుగా, వంటమనిషిగా మాత్రమే మిగలడానికీ, ఆ విడిది తీర్మానాలు చేసే సమితిలో కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. మన సంఘంలో లెక్కలు వచ్చినవాళ్లున్నారు, లాయర్లున్నారు, కంప్యూటర్ తెలిసినవాళ్లున్నారు. ఒక పెంటలోనో గూడెంలోనో యువకులు సొంతంగా విడిది నడుపుకోవాలనుకుంటే కాగితాల పని మనం చేసిపెట్టగలం. ఈ ఏడాది సంఘం ఈ ఒక్క పని పెట్టుకోవాలని నా విన్నపం.

వెళ్లే పిల్లలకు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇక మీకు నాలుగు జాగ్రత్తలు.

జులై నుంచి సెప్టెంబర్ దాకా పులుల అభయారణ్యంలో సఫారీ ఉండదు. అది జంతువుల సంతాన కాలం. ఆ తరువాతే వెళ్లండి. రోడ్డు పక్కన బాగుందని ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకండి, అది నేరం, ప్రమాదం కూడా. అటవీ శాఖ చూపిన చోటే ఉండండి.

నిప్పు జోలికి అనుమతి లేకుండా పోకండి. ఆకు రాలిన అడవికి ఒక్క బీడీ ముక్క చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా మరీ ప్రమాదం. సౌండ్ బాక్సులు గదిలోనే వదిలి వెళ్లండి. డప్పు కొట్టుకోవాలని, పాడుకోవాలని ఉంటే మనకు ఊళ్లో పండగలున్నాయి. ఆ రాత్రి అడవిని మాట్లాడనివ్వండి. తీసుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ కవరు వెనక్కి తీసుకురండి. సలేశ్వరం దారిలో జాతర అయ్యాక మిగిలే చెత్త చూస్తే మనకే సిగ్గేస్తుంది.

పెంటకు వెళ్తే పెద్దమనిషిని అడిగి వెళ్లండి. గుడిసెలో తొంగిచూసి ఫొటోలు తీయకండి. మన ఇంట్లోకి ఎవరైనా అలా తొంగిచూస్తే ఊరుకుంటామా? తేనె, చింతపండు కొనాల్సి వస్తే బేరం ఆడకండి. దారి చూపిన చెంచు అన్న పేరు అడిగి, పేరుతో పిలవండి. చెట్టు పేరు, పిట్ట పేరు చెబితే నోటుబుక్కులో రాసుకుని రండి. ఇంటికొచ్చాక మీ తాతకో నాయనమ్మకో చూపించి, మన గోర్ బోలీలో, కోయలో, గోండిలో దాన్ని ఏమంటారో పక్కన రాయించుకోండి. అలా రాసిన పేర్లన్నీ వచ్చే ఏడాది ఈ సంచికలోనే అచ్చు వేద్దాం.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇదే నా జవాబు. పైసలు కట్టి పండుకునేందుకైతే మనం వెళ్లనక్కర్లేదు, ఎల్బీనగర్‌లోనే లాడ్జీలున్నాయి. చుట్టరికం కలుపుకోవడానికి వెళ్దాం. వెళ్లి, విని, వాళ్ల కష్టసుఖాలు తెలుసుకుని, మన చేతనైంది చేద్దాం. చుట్టమన్నాక ఒక్కసారి వెళ్లి ఊరుకోడు. మళ్లీ వెళ్తాడు, వాళ్లనూ తన ఇంటికి పిలుస్తాడు. మన్ననూరు పిల్లలు ఇంటర్‌కో డిగ్రీకో ఇక్కడికి వస్తే ఈ గడ్డిఅన్నారంలో వాళ్లకు దిగడానికి మన ఇళ్లు ఉండాలి.

 జై సేవాలాల్, జోహార్.