నేలకు ఒకనాటి విశ్రాంతి



"విశ్రాంతి" అనే పదంలో శ్రమ దాగి ఉన్నది. రెండింటికీ ధాతువు ఒక్కటే. హిందీలో నిత్యం వినవచ్చే "ఆరామ్" పారసీకం నుండి వచ్చినది. సంస్కృతంలోని "ఆరామం" దానికి దూరపు బంధువు. తెలుగువారికి ఆరామమంటే ఉద్యానవనం. సంఘారామమంటే బౌద్ధభిక్షువుల నివాసం. ఒకచోట దేహం సేదదీరుతుంది, మరొకచోట మనస్సు నిలకడ పొందుతుంది. భాషలు వేరైనా అవి వెదకినది ఒక్కటే.

1906లో దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం ఏర్పడింది. రైళ్ళకూ, కార్యాలయాలకూ అది ఎంతో మేలు చేసింది. కాని గడియారం పనివేళను చెప్పగలదే గాని, పని ఎప్పుడు చాలించాలో చెప్పలేదు. ఆ సంగతి చెప్పే సంప్రదాయం ఒకటి బస్తర్ అడవులలో నిలిచి ఉన్నది.

ఛత్తీస్‌గఢ్‌లోని సుకుమా జిల్లా కుంట ప్రాంతంలో భేజ్జి అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతాన్ని తడిపే శబరి నది కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి దోర్లాల మాట గోండీ కుటుంబానికి చెందినదైనా తెలుగు పలుకులతో నిండి ఉంటుంది. చైత్రమాసంలో బస్తర్ ప్రజలు మాటీ తిహార్ అనే భూమి పండుగను జరుపుకొంటారు. దక్షిణ ప్రాంతంలో విత్తనాల పండుగను విజ్జ పండుం అంటారు. భూమి పండుగనాడు నేలను త్రవ్వరు. విత్తులను ముందుగా భూమాతకు నివేదించి, ఆ తరువాతనే దుక్కికి పూనుకొంటారు. కొత్త మామిడికాయను సైతం పండుగ జరుపకుండా నోట పెట్టరు.

ఇది సోమరుల ఆచారం కాదు. ఇప్పపూలు ఏరవలసినదీ, తునికాకు కోతకు సిద్ధపడవలసినదీ ఆ వేసవిలోనే. పని మెండుగా ఉన్న వేళనే ఊరంతా ఒకరోజు ఆగుతుంది. ఒంటరిగా విశ్రమించేవానికి పొరుగువాడు ముందుకు పోతున్నాడన్న దిగులు తప్పదు. అందరూ కలిసి ఆగినప్పుడు ఆ దిగులుకు చోటుండదు. నగరవాసికి సెలవుదినం ఉన్నా విశ్రాంతి లేకపోవడానికి కారణం ఇదే. అతని దేహం ఆగినా, పోలిక ఆగదు.

పోలిక మరొక రూపంలో భేజ్జి వంటి ఊళ్ళను కూడా తాకుతుంది. అక్కడి పిల్లవానికి ఇంట ఒక భాష, బడిలో హిందీ, సరిహద్దు దాటితే తెలుగు. తన ఇంటిమాట తక్కువదని ఒకసారి నమ్మినవానికి నిద్రలో సైతం నెమ్మది ఉండదు. ఇతర భాషలను నేర్వడం సంపద. తన భాషకు సిగ్గుపడడం దారిద్ర్యం. ఆత్మస్వీకారానికి ఇది తొలిమెట్టు.

ఈ నెమ్మది ఆ ప్రాంతానికి సులభంగా దక్కినది కాదు. 2005 తరువాతి సంక్షోభంలో దక్షిణ బస్తర్ నుండి వేలాదిమంది ఇల్లూ వాకిలీ విడిచి నాటి ఖమ్మం జిల్లాకు తరలివచ్చారు. 2017 మార్చిలో భేజ్జి సమీపాన మావోయిస్టుల దాడిలో 12 మంది కేంద్ర రిజర్వు పోలీసు జవానులు అసువులు బాసారు. తుపాకి చప్పుడుతో వార్తలకెక్కిన ఊరికి శాంతి అలంకారం కాదు, అన్నం వంటి అవసరం. చేసిన విత్తును చూసుకొనే వరకు ఊరిలో ఉండగలమన్న ధీమా లేనిచోట ఏ పండుగా నిండుగా సాగదు.

కనుక విశ్రాంతి ఏ ఒక్కరి సొంత ఆస్తీ కాదు. ఇరుగుపొరుగు నిర్భయంగా నిద్రించిననాడే అది ప్రతి ఇంటికీ దక్కుతుంది. నేలకు ఒకరోజు విశ్రాంతి నిచ్చిన జనం దేశానికి నేర్పుతున్న పాఠం ఇదే.