ముందు తిన్నావా అని అడుగుదాం

మన సంఘాల్లో అన్ని మతాల వాళ్లం ఉన్నాం. మనసును అర్థం చేసుకోవడం మీద మా చర్చిలో ఇచ్చిన కోచింగులో విన్న ఒక్క సంగతే చెబుతా, పనికొస్తే తీసుకోండి.

బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి, ఇక చావే మేలని చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత బోధ చేయలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినమన్నాడు. ఇక్కడెందుకున్నావని దేవుడు అడిగింది ఆయన 40 రోజులు నడిచి కొండ చేరాకే.

మనమో? కిస్తీ కట్టని అక్క గడప దాటగానే పదిమందిమీ ఒక్కసారే అడుగుతాం. ఆమె అరుస్తుంది. అరుపు వెనక భయం మనకు కనపడదు. కిస్తీ అడగొద్దని కాదు, బ్యాంకు ఊరుకోదు కదా! ముందు ఒక్కరే పక్కన కూర్చుని, తిన్నావా, నిద్రపోయావా అని అడగాలి. పుస్తకం తర్వాత తెరుద్దాం. ప్రతి సంఘంలో ఆ పని ఎవరిదో ఈరోజే పేరు రాసుకుందాం.