కాలేజీ కోసం వీధి
(శతవార్షికోత్సవ సభల సందర్భముగా నరసన్నపేటలో సంఘస్తుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ళ పండుగలో మాట్లాడమంటే మిషనరీ దొరల గురించి, మొదటి బాప్తిస్మముల గురించి, గుడి కట్టిన కష్టము గురించి చెప్పడం ఆనవాయితీ. అవి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను ఎంచుకున్న విషయము వేరు. ఊరందరిదీ అయిన వీధిని ఒక కాలేజీ ఆవరణ బాగుచేయడం కోసం ఇచ్చివేయవచ్చునా, ఇస్తే ఏ షరతు మీద ఇవ్వాలి?

ఇది పంచాయతీవారు చూసుకునే పని, సంఘానికెందుకు అనుకోకండి. మన తెలుగు జిల్లాలలో సంఘము నిలిచిన చాలాచోట్ల గుడి పక్కన బడి వెలిసింది. బడి హైస్కూలయింది, కొన్నిచోట్ల కాలేజీ అయింది. ఆవరణ పెరిగేకొద్దీ మధ్యలో ఒక సందు అడ్డము వస్తుంది. ఇవతల తరగతులు, అవతల హాస్టలు, నడుమ ఆటోలు, ట్రాక్టర్లు. ఆడపిల్లలు రోజుకు నాలుగుసార్లు దాటాలి. అప్పుడు కాలేజీ కమిటీ, “ఆ సందు మాకిచ్చేయండి, రెండు వైపులా గేటు పెట్టుకుంటాము” అని అడుగుతుంది. అడగడంలో తప్పులేదు. అయితే ఆ కమిటీలో కూర్చున్నది మనవారే, ఆ సందులో నెత్తిన గంప పెట్టుకొని సంతకు పోయేదీ మనవారే కావచ్చు. ఇటు అడిగేవారమూ మనమే, అటు పోగొట్టుకునేవారమూ మనమే.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉన్నది. దూరదేశమైనా మనకు పరాయి చోటు కాదు, ఎందుకంటె అది అంబేద్కరుగారు చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయము. న్యూయార్కులో ఇప్పుడున్న చోటికి ఆ సంస్థ 1897లో వచ్చింది. అంబేద్కరుగారు 1913లో చేరారు. అప్పుడు ఆవరణ మధ్యగా 116వ నంబరు వీధి పోయేది. బండ్లూ కార్లూ అన్నీ దానిమీదనే. 1952లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చేనాటికి కూడా అది నగరానిదే. మరుసటి ఏడు, 1953లో, బ్రాడ్వే నుండి ఆంస్టర్డాము వీధి వరకు ఉన్న ఆ ముక్కను నగరము విశ్వవిద్యాలయానికి వెయ్యి డాలర్లకు ఇచ్చింది. నగరము నడిబొడ్డున ఒక వీధి వెయ్యి డాలర్లకు! అది ధర కాదు, లాంఛనము.

ఇచ్చిన తరువాత ఏమైంది? నిజము చెప్పాలంటే బాగుపడింది. వాహనాలు ఆగిపోయినవి, చెట్లు వచ్చినవి, రాళ్ళు పరిచారు. ఉత్తరాన పాత గ్రంథాలయ భవనము, దక్షిణాన కొత్త గ్రంథాలయము, మధ్య నడకదారి. పేటవారు డెబ్బై ఏళ్ళు ఆ దారినే అటు నుండి ఇటు నడిచారు. గేట్లు ఉన్నా తీసి ఉండేవి గనుక అది ఎవరిదన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. 2024లో ఆవరణలో విద్యార్థుల ఆందోళన జరిగినప్పుడు గేట్లు మూశారు. గుర్తింపు కార్డు ఉన్నవారికే ప్రవేశమన్నారు. కర్ర పట్టుకొని నడిచే ముసలివారు కూడా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. 2025 జనవరిలో కొందరు పొరుగువారు కోర్టుకు వెళ్ళారు. నడిచేవారికి దారి విడవాలని 1953 నాటి ఒప్పందములోనే ఉన్నదని వారి వాదన.

ఇక్కడ ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పబోవడము లేదు. నేను చూస్తున్నది ఒక్కటే. డెబ్బై ఏళ్ళపాటు తెరిచి ఉన్న గేటు వారిని కాపాడలేకపోయింది. చివరకు వారు పట్టుకోగలిగింది పాత కాగితాన్నే. వీధి మీద మనిషి నడిచేది హక్కుతో. కాలేజీ దారిలో నడిచేది సెలవుతో. సెలవు ఇచ్చినవాడు మంచివాడైనంత కాలము రెండింటికీ తేడా కనిపించదు.

ఆ దేశములోనే యేల్ విశ్వవిద్యాలయమున్న న్యూహేవెన్ ఊరివారు కొంచెము జాగ్రత్తగా నడిచారు. 1990లో రెండు వీధుల భాగాలను ఇరవై ఏళ్ళ గడువుతో వాహనాలకు మూసి, అందుకు సొమ్ము పుచ్చుకున్నారు. గడువు తీరాక, 2013లో, వాటిని 30 లక్షల డాలర్లకు అమ్మివేశారు. ఊరి సొత్తు ఒకసారి అమ్ముకుంటే ఏటేటా పండే తోట కాదని అప్పుడు కొందరు అభ్యంతరము చెప్పారు. 2021లో మరో ముక్క విషయము వచ్చేసరికి పద్ధతి మార్చారు. కార్లు ఆపి నడకదారిగా చేయడానికి ఒప్పుకున్నారు గాని, నేల మాత్రము నగరము పేరనే ఉంచుకున్నారు. కాలేజీకి కావలసింది పిల్లల క్షేమమే అయితే, ఆ పని పట్టా లేకుండానే జరుగుతుందని దీనివలన తెలుస్తున్నది. నాకు ఈ మూడవ పద్ధతే నచ్చింది.

మన దేశములో వీధికి ఇంకొక చరిత్ర ఉన్నది. 1924లో కేరళలోని వైకోములో సత్యాగ్రహము జరిగింది గుడి లోపలికి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఆ రోడ్ల మీద క్రైస్తవులకు, ముస్లిములకు అడ్డులేదు. కొన్ని కులాల హిందువులకే అడ్డు. ఇరవై నెలలు కష్టపడితే, 1925లో మూడు వైపుల రోడ్లు తెరిచారు, తూర్పు వైపు అలాగే ఉంచారు. ఇటువంటివన్నీ చూసినవారు రాసినందుననే మన రాజ్యాంగము 15వ అధికరణములో బావులు, చెరువులు, స్నానఘట్టములతో పాటు రోడ్ల మాట కూడా పేరుపెట్టి చేర్చారు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే రోడ్డు, ప్రజలకు అంకితము చేసిన రోడ్డు, కులమతాల పేరిట ఎవరికీ మూయరాదు. మన తాతలలో ఎందరు చెప్పులు చేతపట్టుకొని ఊరి వీధి దాటారో ఇంట్లో పెద్దలను అడగండి. అటువంటి జనము, తమ సంస్థ కోసమైనా సరే, వీధిని తేలికగా రాసివ్వకూడదు.

చట్టము సంగతి క్లుప్తముగా. 1994 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామములోని ప్రజా రహదారులు, పై ప్రభుత్వానివి, పై పరిషత్తులవి తప్ప, గ్రామ పంచాయతీకి దఖలు పడి ఉంటాయి. దఖలు పడి ఉన్నదంటే సర్పంచిగారి సొంతమని కాదు, జనము తరఫున కాపలా అని. సికింద్రాబాదు కంటోన్మెంటులో మిలిటరీవారు మూసిన రోడ్ల తగాదా మీకు తెలిసే ఉంటుంది. 2006 చట్టము ప్రకారము వీధి మూయాలంటే ముందు బహిరంగ ప్రకటన ఇచ్చి, జనము అభ్యంతరాలు వినాలి. ఆ పద్ధతి లేకుండా మూసిన రోడ్లను తెరవమని 2018 మేలో రక్షణ శాఖ ఆదేశించింది. సైన్యానికే అడగవలసిన పద్ధతి ఉంటే, కాలేజీ కమిటీకి ఉండదా?

అడగడము గురించి సంఖ్యాకాండము 20వ అధ్యాయము చదవండి. మోషే ఎదోము రాజు దగ్గరకు దూతలను పంపి రాజమార్గములో పోనిమ్మని వేడుకున్నాడు. చేలలోకి, ద్రాక్షతోటలలోకి దిగమన్నాడు, తాగిన నీళ్ళకు వెల ఇస్తామన్నాడు. అయినా రాజు కత్తి చూపించాడు. ప్రజలు వేరే దారి వెతుక్కొని తిరిగిపోయారు. దారి మూసిన రాజుకు పోయినదేమీ లేదు, నడిచేవారికే రోజులు పెరిగినవి. ఈ లెక్క మన సందుకూ సరిపోతుంది. కాలేజీకి కలిసివచ్చేది కొన్ని గజాలు. అవతలి పేట బాలింతకు ఆసుపత్రి ఎంత దూరమవుతుందో కొలవవలసినది మనమే.

కనుక మనవారి సంస్థ ఏదైనా, ఎప్పుడైనా, ఇటువంటి అర్జీ పెడితే సంఘ పెద్దలు ముందుగా ఒక పని చేయాలని నా మనవి. తెల్లవారుజాము నుండి రాత్రి వరకు, సంతరోజున ఒకసారి, మామూలు రోజున ఒకసారి ఆ సందు మొగలో కూర్చొని ఎవరెవరు నడుస్తున్నారో లెక్క రాయండి. కమిటీ గదిలో ఫ్యాను కింద కూర్చుంటే కనిపించనివారు అప్పుడు కనిపిస్తారు. వారిని పిలిచి అడగండి, ముఖ్యముగా ఆడవారిని, ఎందుకంటె దండోరా వేసి పెట్టిన సభకు వారు రారు. వాహనాలు ఆపితే చాలునా, నేలే కావాలా అని కాలేజీవారిని నిలదీయండి. నేల ఇవ్వక తప్పదంటే, బదులు దారి ముందు వేసిన తరువాతనే గోడ కట్టాలి. నడిచేవారి హక్కు, గేటు తీసే వేళలు, కొలతల పటము అన్నీ దస్తావేజులో రాయించి రిజిస్టరు చేయించాలి. నోటిమాటగా “మీరెప్పుడైనా రావచ్చునండీ” అన్న ప్రిన్సిపాలుగారు బదిలీ అయిపోతారు. దస్తావేజు నకలు ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి బాప్తిస్మపు రిజిస్టర్లు ఉంచే మన ఇనుప పెట్టెలో ఉంచాలి.

నాకిచ్చిన సమయము అయిపోయినది. ప్రశ్నలుంటే భోజనాల తరువాత అడగండి, నేను సాయంత్రము వరకు ఇక్కడనే ఉంటాను. సెలవు.