అమ్మే హక్కు రాకముందే అమ్ముడుపోతున్న భూమి

(పెనుకొండలో గ్రామ కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి, ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి ఒక దినం కూలి పోగొట్టుకుని వచ్చినారు. మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పాల. మన వాడల్లో భూమి అమ్మే హక్కు చేతికి రాకముందే భూమి అమ్ముడుపోతా ఉంది. హక్కు వచ్చిననాటికి మన దగ్గర భూమి ఉండదు, డబ్బూ ఉండదు.

మన భూములు ఎట్లాంటివి? చెరువు కింద మడి ఎవరికుందో మీకు తెలుసు. మనకు గుట్ట పక్కన, వంక పక్కన రెండెకరాలో మూడెకరాలో డి.కె.టి. పట్టా ఇచ్చినారు. రాళ్లు ఏరినాం, కంప కొట్టినాం, చెనిక్కాయ వేసినాం. వాన వస్తే పంట, రాకుంటే బెంగుళూరు కూలి. అన్నేండ్లూ ఆ భూమి వైపు తిరిగి చూసిన పెద్దమనిషి లేడు.

ఇప్పుడెందుకు చూస్తున్నారు? బెంగుళూరు మన వైపు పెరిగి వస్తా ఉంది. 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచినారు. ఆ దారినే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ మీదుగా పెనుకొండకు వస్తుంది. 2017లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందమైంది, సుమారు 600 ఎకరాలు ఇచ్చినారు, 2019లో కార్లు బయటికొచ్చినాయి. గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా నీళ్లు చేరినాయి. నిన్నటిదాకా రాళ్ల భూమి అన్నదాన్ని ఇప్పుడు సైటు అంటున్నారు.

అప్పుడు బ్రోకరు కారులో వస్తాడు. "అప్పా, ఇది గవర్నమెంటు భూమి, ఎప్పుడైనా గుంజుకుంటారు. నేనైతే ఇప్పుడే దుడ్డు ఇస్తా" అంటాడు. ఇంట్లో బిడ్డ పెండ్లి ఉంటుంది, ఆసుపత్రి అప్పు ఉంటుంది. వేలిముద్ర పడుతుంది. ఆ కాగితంలో అమ్మకం అని రాయరు. అగ్రిమెంటు అంటారు, జి.పి.ఏ. అంటారు, ప్రోనోటు అంటారు, కౌలు అంటారు. అమ్మకం అని రాస్తే చట్టం ఒప్పదు కాబట్టి.

ఆ చట్టం 1977లో వచ్చింది. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొన్నవానికి హక్కు రాదు. అధికారులు దాన్ని కొన్నవాని నుంచి తీసుకుని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు. ఇన్నేండ్లు మన భూమి పూర్తిగా పోకుండా అడ్డం నిలిచింది ఈ చట్టమే.

2023లో దాన్ని సవరించినారు. పట్టా ఇచ్చి 20 ఏండ్లు నిండితే అసలు పట్టాదారు, ఆయన లేకుంటే వారసులు అమ్ముకోవచ్చు అన్నారు. మంచిదే కదా అని మనలో కొందరు అన్నారు. పెద్ద రైతు తన భూమి అమ్ముకుంటాడు, మనకెందుకు ఆ స్వేచ్ఛ ఉండకూడదు? న్యాయమైన ప్రశ్నే. అయితే బ్రోకరు బీరువాలో పాత అగ్రిమెంటు ఉన్నవానికి ఆ స్వేచ్ఛ ఎక్కడిది? పట్టా మన పేరున ఉంటుంది, పెరిగిన ధర బ్రోకరుకు పోతుంది. 2024లో ప్రభుత్వం మారినాక, అక్రమాలు జరిగినాయని ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టినారు. తలుపు తెరిచినా మూసినా ముందు తెలిసేది బ్రోకరుకే. వాడకు చివర తెలుస్తుంది.

కంపెనీకి పోయే భూమి సంగతీ వినండి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,800 ఎకరాలకు పైగా పోయింది. ఉద్యోగాలన్నారు. హబ్బు రాలేదు. ఆ భూమిలో కొంత బ్యాంకుల తాకట్టులోకి, కోర్టు కేసుల్లోకి పోయింది. అందుకని ఉద్యోగం మాట విని తొందరపడొద్దు. ముందు పరిహారం అడగండి. ప్రభుత్వం తీసుకునే డి పట్టా భూమికి సొంత పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అసైన్డ్ పట్టా ఉన్న కుటుంబం బాధిత కుటుంబమే. మూడేండ్లుగా ఆ భూమి మీద కూలి చేసి బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. ఈ మాట అక్కడ పోయి చెప్పేవాళ్లు కావాల.

అమ్మొద్దు అని ఎవరినీ శాసించడానికి నేను రాలేదు. ఆకలి, అప్పు ఎట్లుంటాయో తెలుసు. మా నాయన వేలిముద్ర మనిషి. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. అందుకే కాగితం సంగతి గట్టిగా చెప్తాండా. నాలుగు పనులు చేయండి.

ఒకటి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర వద్దు. అప్పు తీసుకుంటే అప్పని రాయించండి, సర్వే నంబరు అందులోకి రానీయొద్దు. పట్టా, పాస్‌బుక్కు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

రెండు. అడంగల్, వన్-బి తీయండి. తాత పేరు మీదే ఉంటే వారసుల పేర్లు ఎక్కించుకోండి. పట్టా ఏ తేదీన ఇచ్చినారో చూడండి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలకు అమ్మకూడదన్న షరతు సాధారణంగా లేదు. మీ నంబరు 22-ఏ నిషేధ జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి.

మూడు. ఒంటరిగా బేరానికి కూర్చోవద్దు. పక్కపక్క చేన్ల వాళ్లంతా కలిసి ఒకే ధర చెప్పండి. ఒక్కన్ని విడదీసి కొంటే మిగతావాళ్ల ధర పడిపోతుంది.

నాలుగు. ఇంటి ఆడవాళ్లు లేకుండా ఏ మాటా తేల్చొద్దు. ఆ చేనిలో కలుపు తీసింది వాళ్లే. సారాయంగడి దగ్గర కుదిరిన బేరాలు ఎన్ని చూడలేదు మనం!

బాబాసాహెబ్ పటానికి దండ వేస్తున్నాం. ఆయన బారిస్టరు చదివిన మనిషి. మన వాడలో చదువుకున్న ప్రతి పిల్లా, పిల్లోడూ ఇంటికొచ్చిన కాగితాన్ని పదిమంది ముందు గట్టిగా చదివి అర్థం చెప్పాల. అది కూడా ఉద్యమమే.

వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి డి పట్టాల జాబితా రాసుకుని రండి. పేరు, సర్వే నంబరు, పట్టా ఇచ్చిన సంవత్సరం, ఇప్పుడు సాగులో ఎవరున్నారు, ఈ నాలుగూ ఉండాల. ఇదివరకే అగ్రిమెంటు చేసినవాళ్లు సిగ్గుపడి దాచొద్దు, దాని నకలు తెండి. తాసిల్దారుకు అర్జీ అందరం కలిసే రాద్దాం.

జై భీమ్!