వర్తకమున నిరాడంబరత



వర్తకమనగానే మాటకారితనము, అంగడి యలంకారము తలపునకు వచ్చుట సహజము. ఇవి కొనువానిని ఒకసారి గడప యెక్కింపగలవు. అతడు మరల వచ్చుట వేఱొకదానిపై ఆధారపడియుండును. ధర యెంత, తూక మెంత, తాను చెల్లింపవలసిన దెంత అను మూడు సంగతులు పరుల సాయము లేకయే తెలియు చోటికి మనుష్యుడు ధైర్యముగా వచ్చును. వర్తకమున నిరాడంబరత యన నిదియే.

ఈ ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు దీనిని చక్కగా గ్రహించెను. క్రీ.శ. 1244-45లో ఆయన మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము అచటి వీరభద్రాలయమున గలదు. అంతకుముందు తుపానుకు చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, గుఱ్ఱములు, రత్నములు రాజులు బలిమిని గైకొనెడివారు. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులపై కనికరముతో గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకము. చందనము, కర్పూరము, ముత్యములు మున్నగువానికి నిర్ణయించిన రేట్లు. అంతే. మిగిలినదెల్ల వర్తకునిదే. పరదేశి వర్తకునకు కావలసినది పొగడ్త కాదు, ఓడ యెక్కకమునుపే వేసికొనదగిన లెక్క. ఆ లెక్కను, రేపు మాట మార్చుటకు వీలులేకుండ, రాతిపై చెక్కించుటయే అందలి తెలివి.

దీనికి విరుద్ధమైన స్థితిని వరంగల్లు ప్రజలు చాలకాలము అనుభవించిరి. నిజాము రాజ్యమున హాలీ సిక్కా యొకటి, ఆంగ్లేయుల కల్దారు మఱియొకటి. ఏడు హాలీలకు ఆఱు కల్దార్లు. రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు పైలు. సేరు, మణుగు ఊరికొక తీరు. లెక్క వచ్చినవానికి ఆ చిక్కే పెట్టుబడి. రానివాడు అడిగినంత చెల్లించి పోవలసినదే. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు, 1958 అక్టోబరు నుండి క్రమముగా మెట్రిక్ తూనికలు వచ్చినవి. 1959లో హాలీ సిక్కా చెలామణి ముగిసెను. అటుపిమ్మట బడికి పోవు బాలుడును అంగడి పద్దు సరిచూడ గలిగెను.

అయినను చిక్కు పోలేదు, చోటు మార్చుకొన్నది. కాశిబుగ్గకు చేరువనున్న ఎనుమాముల మార్కెట్టులో మిర్చికి, పత్తికి జెండా పాట జరుగును. మేలురకపు సరకునకు పలికిన ఆ ధరయే ఊళ్లకు ప్రాకును. కాని రైతు తెచ్చిన బస్తాలకు ధర కట్టునపుడు తేమ యనియు, తాలనియు, రంగు చాలదనియు తగ్గింపులు పడును. తక్‌పట్టీలో అడ్తిదారు కమీషను, హమాలీ, దడవాయి ఖర్చులు వరుసగా దిగును. ఇందు కొన్ని న్యాయమైనవే. మోసినవానికి కూలి యీయవలదా? కోత యుండుట తప్పు కాదు, అది పాట ముగిసిన పిమ్మట తెలియుటయే తప్పు. తేమకెంత, తాలుకెంత, కూలికెంత యని కాంటా యొద్ద పెద్ద యక్షరములతో పలక వ్రేలాడదీయుట కష్టమైన పని కాదు. దానివలన వర్తకునకు గూడ వాదులాట తగ్గి, ప్రొద్దెక్కక మునుపే కాంటాలు ముగియును. రైతు ఆ పలక చదువుకొని, చేతివ్రేళ్లపై లెక్క వేసికొని, గిట్టునన్న బస్తాలు దింపును. గిట్టదన్న బండి త్రిప్పుకొని పోవును.