లాంగ్ రోల్‌లో ఒక వరుస

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను హామ్ రేడియో గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ సరదా గురించి చెబుతూ, దానివల్ల నేను నేర్చుకున్న ఒక పాఠం కూడా చెబుతాను. ఆ పాఠంలో తప్పు చేసింది నేనే కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

పిల్లలకోసం ముందు రెండు మాటలు. ఇంట్లో వైర్‌లెస్ సెట్టు పెట్టుకొని, పైసా లాభం ఆశించకుండా, ఊళ్ళ వాళ్ళతో, దేశాల వాళ్ళతో మాట్లాడటమే హామ్ రేడియో. ఎవరు పడితే వాళ్ళు మాట్లాడటానికి వీల్లేదు. 12 ఏళ్ళు నిండినవాళ్ళు కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. అప్పుడు ఒక కాల్‌సైన్ ఇస్తారు. మన దేశంలో అది సాధారణంగా వీయూ అక్షరాలతో మొదలవుతుంది. గాలిలో మన పేరు అదే.

మా లోకంలో మాటతో పాటు రాత కూడా ఉండాలి. ఎవరితో మాట్లాడినా తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్ లాగ్‌బుక్కులో ఒక వరుసగా రాసుకుంటాం. తర్వాత ఒకరికొకరు పోస్టుకార్డు లాంటిది పంపుకుంటాం. దాన్ని క్యూఎస్ఎల్ కార్డు అంటారు. వంద దేశాలతో మాట్లాడాను, అవార్డు ఇవ్వండి అని అమెరికా సంఘాన్ని అడిగితే, కార్డులు చూపించు అంటారు. దానికి ఎవరూ అలగరు. ఎందుకంటే అందరినీ అడుగుతారు.

ఇదంతా ఉత్త పట్టింపు కాదు. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం, భారతి ప్రసాద్ గారి నాయకత్వంలో, అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతోంది. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది. వాళ్ళు సరదా పక్కనపెట్టి, ఎవరు క్షేమంగా ఉన్నారో ప్రధాన భూభాగానికి చేరవేసే పనిలో పడ్డారు. అలాంటి రోజున, ఈ మాట చెప్పేది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు గట్టిగా ఉండాలి. లైసెన్సు, కాల్‌సైన్ ఉన్నది అందుకే.

మరి లైసెన్సు చెప్పని సంగతులు? నేను డాక్టర్ని, నేను ఫౌజీని అని ఒకరు చెబితే? అసలు కథ ఇక్కడుంది.

హామ్ రేడియోకూ సైన్యానికీ చుట్టరికం పాతది. 1911లో ఏర్పడిన మన సైన్యపు కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు చాలామంది హామ్‌లయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దేశపు అమెచ్యూర్ రేడియో క్లబ్బు మొదలైంది కూడా మౌలోని సిగ్నల్స్ స్కూల్లోనే. అందుకే మా మాటల్లో ఫౌజు ముచ్చట్లు ఎప్పుడూ దొర్లుతుంటాయి. నూటికి తొంభై నిజమే ఉంటాయి.

మన పక్క ఊళ్ళో ఒక కాక ఉండేవాడు. పేరు చెప్పను, ఆయనకు నచ్చదు. రెండెకరాల పసుపు, ఒక పాత సెట్టు, చింతచెట్టుకు కట్టిన ఏరియల్. మోర్స్ కోడ్ కొడితే వింటూ ఉండిపోయేవాళ్ళం. పరీక్షకు తయారయ్యే పిల్లలకు ఊరికే నేర్పేవాడు. "ఎక్కడ నేర్చుకున్నవు కాకా?" అని ఒకసారి అడిగితే, "సిగ్నల్స్‌ల. చైనా లడాయి అయినంక భర్తీ అయిన. డెబ్బై ఒకటి లడాయిల తూర్పు దిక్కున్న" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. 1972లో తండ్రి పోతే, వ్యవసాయం చూసేవాళ్ళు లేక ఇంటికి వచ్చేశాడు. సర్వీసు సరిపోలేదు కాబట్టి పెన్షన్ లేదు.

1999లో కార్గిల్ యుద్ధం ముగిసింది. దేశమంతా జవాన్లను తలుచుకుంటున్న రోజులు. మా చిన్న హామ్ బృందానికి అప్పుడు నేను కార్యదర్శిని. ఆగస్టు 15న మాలోని మాజీ సైనికులకు శాలువా కప్పాలనుకున్నాం. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి కాకది. రెండోది పట్నం నుంచి వచ్చే ఒక పెద్దమనిషిది. ఆయనకు బ్లేజరు, టోపీ, ఛాతీ మీద మెడల్స్ వరుస, ప్రతి మెడల్‌కూ ఒక కథ ఉండేవి. ఆయన్ని ఎవరమూ ఏమీ అడగలేదు.

కాకను మాత్రం అడిగాను. అదీ ఎలా? సాయంత్రం 40 మీటర్ల బ్యాండ్ మీద, పదిమంది వింటుండగా, "కాకా, ఏమన్న ప్రూఫ్ ఉన్నదా?" అన్నాను.

కాసేపు శబ్దం లేదు. తర్వాత అన్నాడు: "డిశ్చార్జ్ బుక్కు చెదలు తిన్నది బిడ్డా. పెన్షన్ కాయిదం లేదు, కార్డు లేదు. నా మాటనే ఉన్నది."

ఎవరో నవ్వారు. "మాటకేముంది, ఎవలన్న చెప్తరు" అన్నారు. నేను వాళ్ళను ఆపలేదు. కాక 73 అని మోర్స్‌లో కొట్టాడు. మా భాషలో అది సెలవు చెప్పే అంకె. మర్నాటి నుంచి గాలిలో ఆయన గొంతు వినపడలేదు.

శాలువా పట్నం పెద్దమనిషికి కప్పాం. సభకు వచ్చిన ఒక రిటైర్డ్ హవల్దారు ఆయన మెడల్ చేతిలోకి తీసుకొని అంచు తిప్పి చూశాడు. సైన్యం ఇచ్చే మెడల్ అంచు మీద జవాను నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఆ పేరు ఆయనది కాదు. మెడల్స్ బజారులో కొన్నవి. సైన్యంలో ఆయన ఒక్క రోజు కూడా పనిచేయలేదు. జవానునని నమ్మించాలని జవాను దుస్తులు, గుర్తులు ధరించడం మన దేశంలో నేరం. అప్పుడు ఐపీసీ 140వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్. మేము కేసు పెట్టలేదు. పెడితే మా తెలివితక్కువతనమే ముందు బయటపడేది.

ఆ ఆదివారం స్కూటర్ మీద కాక ఇంటికి పోయాను. సెట్టు మీద గుడ్డ కప్పి ఉంది. "తప్పయింది కాకా" అన్నాను. ఆయన చాయ్ పెట్టించాడు. చాలాసేపటికి అన్నాడు: "అడుగుడు తప్పు గాదు బిడ్డా. అందరి ముంగట నన్నొక్కన్నే అడిగినవు."

ఇద్దరం కలిసి నిజామాబాద్‌లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాం. సర్వీసు నంబరు అడగ్గానే తడుముకోకుండా చెప్పాడు. అర్జీ జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్‌కు పోవాలన్నారు. ఒక చిక్కు వచ్చింది. సైన్యంలో రాసుకున్న పేరుకూ, ఇక్కడి రేషన్ కార్డులోని పేరుకూ పొంతన లేదు. ఇంటిపేరు ఒకచోట ఉంది, ఒకచోట లేదు. అప్పుడు మన బడి ఆదుకుంది. అప్పటి హెడ్మాస్టర్ గారు సగం ఉర్దూలో, సగం తెలుగులో ఉన్న పాత అడ్మిషన్ రిజిస్టర్ తీయించి, దుమ్ము దులిపి, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న వరుస వెతికి బోనఫైడ్ రాసిచ్చారు.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. పెన్షన్ లేకుండా వచ్చిన జవాన్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ళు దాచి, తర్వాత నాశనం చేస్తారు. కాక వచ్చేసి అప్పటికి 27 ఏళ్ళు దాటింది. ఆయన ఫైలు లేదు. కానీ లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టర్‌ను మాత్రం ఎప్పటికీ ఉంచుతారు. అందులో నంబరు, పేరు, భర్తీ అయిన తేదీ, విడుదలైన తేదీ ఉన్నాయి. ఆయన తొమ్మిదేళ్ళ ఫౌజు జీవితానికి మిగిలిన సాక్ష్యం ఆ ఒక్క వరుసే.

కాగితం లేకపోవడం మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని సైనిక రికార్డుల భవనం 1973 జులై 12న తగలబడి, 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల దాకా సైనికుల ఫైళ్ళు బూడిదయ్యాయి. నకళ్ళు లేవు. వాళ్ళంతా సేవ చేసినవాళ్ళే. తమ తప్పు లేకుండానే రుజువు పోగొట్టుకున్నారు. అదే దేశంలో, తనకు అత్యున్నత శౌర్య పతకం వచ్చిందని అబద్ధం చెప్పిన ఒకతని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012లో కోర్టు, ఉత్త అబద్ధాన్ని నేరం చేయడం కుదరదంది. మరుసటి ఏడాది, డబ్బుకోసమో లాభంకోసమో అలా అబద్ధమాడితే నేరమని కొత్త చట్టం చేశారు. ముచ్చటకు చెప్పే మాట వేరు, లాభానికి చెప్పే మాట వేరు అన్నమాట.

నాకు అర్థమైనది మూడు ముక్కల్లో చెబుతాను. చాయ్ దగ్గర చెప్పుకునే ముచ్చటకు రుజువు అడగొద్దు. గౌరవమో, డబ్బో, బాధ్యతో ఇచ్చేటప్పుడు తప్పక అడగాలి, కానీ అందరినీ ఒకేలా, ముందుగానే, చాటుగా అడగాలి. మూడోది: మోర్స్ బాగా కొట్టినంత మాత్రాన ఫౌజీ అని రుజువు కాదు, తంతి ఆఫీసులో పనిచేసినవాళ్ళు కూడా అంత బాగా కొట్టేవాళ్ళు. అలాగే కాగితం లేనంత మాత్రాన అబద్ధమని రుజువు కాదు. గల్ఫ్‌లో పదిహేనేళ్ళు చెమటోడ్చి, కంపెనీ మూతపడి, అనుభవ పత్రం దొరకని మన తమ్ముళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

మన సంఘానికి ఒక చిన్న విన్నపం. మన బడిలో చదివి సైన్యానికి పోయినవాళ్ళ జాబితా ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో తయారుచేద్దాం. పెన్షన్ లేకుండా వచ్చినవాళ్ళు ఉంటే, డిశ్చార్జ్ బుక్కు నకలు తీయించి దాచుకోమందాం. పోగొట్టుకున్నవాళ్ళకు అర్జీ రాసిపెడదాం. వేరొకరి సర్వీసు వివరాలు మనం అడిగితే ఇవ్వరు. సంతకం ఆయనే పెట్టాలి, మనం తోడుండాలి. ఇంకోటి, బడిలోని పాత అడ్మిషన్ రిజిస్టర్లకు మంచి బీరువా కొందాం. ఖర్చులో నా వంతు నేను ఈ రోజే ఇస్తున్నాను.

జబల్‌పూర్ ఉత్తరం వచ్చిన రోజు కాక దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, లాగ్‌బుక్కులో పెట్టుకున్నాడు. "నీకు చూపిచ్చిన. ఇగ చాలు" అన్నాడు. ఇంకెవరికీ చూపించలేదు. ఆ సాయంత్రం బ్యాండ్ మీద నా కాల్‌సైన్ పిలిచి, పసుపు ధర గురించి మాట్లాడాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన క్యూఎస్ఎల్ కార్డు ఒకటి నా దగ్గరుంది. దాని మీద కాల్‌సైన్, ఊరి పేరు మాత్రమే ఉన్నాయి. ఫౌజు మాట ఎక్కడా లేదు.

సెలవు. అందరికీ 73.