ఆటకొక చోటు
(జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



సౌకార్‌పేటలో ఇంటికీ ఇంటికీ నడుమ గోడ తప్ప జాగా లేదు. మింట్ వీధిలో సరకుల బండ్ల మధ్య పసివారు పరుగులు తీయలేరు. వారికి మిగిలినది మన పాఠశాల ముంగిలి. అందులో మరొక తరగతి గది కట్టాలన్న ఆలోచనను విరమించవలసినదిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఆటస్థలం, తరగతులకు ఆటవస్తువులు ఉండాలన్నది. 1939లో మన నగరానికి వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిన మరియా మాంటిస్సోరి, వస్తువులు పిల్లల చేతికందే ఎత్తున ఉండాలని బోధించారు.

గదిలో పొట్టి అరలు, చాపలు, కొయ్యదిమ్మెలు, వామనగుంటల పీట, ఒక మూల బొమ్మల పుస్తకాలు చాలును. బయట ఇసుక గుంట, తొక్కుడుబిళ్ల గీతలు, నీడకు పందిరి, ఏ పూటకాపూట ఒంపివేసే నీళ్ల తొట్టి కావలెను. గుంటల్లో గింజలు పంచుతూ బిడ్డ లెక్క నేర్చును. ఇసుక పిసికిన వేళ్లకు అక్షరం దిద్దే పట్టు వచ్చును. ఉపాధ్యాయిని కన్ను మాత్రం రెండు చోట్లా ఉండవలెను.

వీధిలో తమిళం, అంగడిలో హిందీ వినే మన పిల్లలు ఆటలోనే తెలుగున పోట్లాడుకుంటారు, తెలుగుననే రాజీపడతారు. ఆ చోటు పోతే తెలుగు పలక మీది అక్షరంగానే మిగులును.

పూర్వ విద్యార్థులారా! జూబిలీ కానుకగా శిలాఫలకం అడగను. రెండు బండ్ల ఇసుక, ఒక పందిరి ఇప్పించండి. మీరు ఆడిన నేలను మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మిగల్చండి.